తులసికోటపై మాయామృగము



మా పెరటిలో నొకనాటి సాయంకాలము జరిగిన చిన్న సంగతితో నీ వ్యాసము నారంభించెదను. మా చిన్నవాడు పండ్రెండేండ్ల బాలుడు. వాడు బడినుండి వచ్చి, పాలు త్రావి, తండ్రిగారి సెల్‌ఫోను చేతబట్టుకొని, దానిని ముఖమున కెదురుగ నెత్తి పెరటిలో నటునిటు దిరుగుచుండెను. తులసికోటకడ దీపము పెట్టుచున్న మా అత్తగారు "ఏమిరా నాయనా, ఏమి పోగొట్టుకొంటివి?" అని యడిగిరి. వాడు నవ్వి ఫోను నామెకు జూపెను. ఆ గాజుపలకలో మా పెరడే కనబడుచున్నది. మా తులసికోటయే కనబడుచున్నది. కాని కోటగట్టుపై, అప్పుడే వెలిగించిన దీపము ప్రక్కన, పసుపుపచ్చని వింతజంతు వొకటి కూర్చుండి తోక యాడించుచున్నది. అత్తగారు కన్నులెత్తి కోటవంక జూచిరి. అచ్చట దీపము తప్ప మరేమియు లేదు. మరల ఫోనులోనికి జూచిరి. జంతువున్నది. ఆమె కొంతసే పాలోచించి నావంక దిరిగి, "మన తులసికోటమీద మన నడుగకయే దీనిని కూర్చుండబెట్టినవా రెవరమ్మా?" అనిరి.

"అది వట్టి ఆటయే అత్తయ్యా" అంటిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానికి బదులు వెదకుచు కొన్ని పుస్తకములు చదివితిని. వానిలో నొక నవల యీ ప్రశ్ననే పెద్దదిగ జేసి చెప్పినట్లు నాకు దోచినది. ఆ నవలను గూర్చియు, దానిలోని యూహలు మన వంటయింటి గడపదాక వచ్చిన విధమును గూర్చియు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగ ఆ యాట సంగతి. దాని పేరు పోకెమాన్ గో. అది 2016వ సంవత్సరము జూలై మాసమున అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములందు మొదట వెలువడి, ఆ డిసెంబరులోనే మన దేశమునకును వచ్చెను. ఫోనునందలి కెమేరా మన యెదుటి దృశ్యమును గ్రహించును. ఆకాశమున దిరుగు ఉపగ్రహముల సంకేతములవలన ఫోను తా నే వీథిలో నున్నదో తెలిసికొనును. ఈ రెండింటిని గలిపి, ఆట నడుపువారు నిజమైన దృశ్యముపై కల్పితరూపమును వ్రాలునట్లు చేయుదురు. దీనినే ఆగ్మెంటెడ్ రియాలిటీ యందురు. సినిమాతెరపై మనము చూచునది వేరొక లోకము. ఇది యట్లు కాదు. మన లోకముపైననే కప్పిన పలుచని మాయతెర.

ఆటను ఉచితముగనే యిచ్చిరి. మరి లాభమెట్లు? ఆటలోని వింతవస్తువులను కొనువారి సొమ్మొక దారి. రెండవదారి మరింత ఆలోచింపదగినది. జపానులో ఒక ప్రసిద్ధ ఫలహారశాలల సంస్థ ఆట యజమానులతో నొడంబడిక చేసికొనగా, ఆ సంస్థవారి దాదాపు 3,000 శాలలు ఆటలోని ముఖ్యస్థలములుగ మారెను. బాలురు జంతువులకై వెదకుచు ఫలహారశాల గుమ్మమునకు జేరుకొనిరి. మారీచుడు లేడియై పర్ణశాల ముందర దిరిగినప్పుడు ఆ లేడి యందముకంటె, అది తనవెంట వచ్చినవారి నెచ్చటికి గొనిపోయె ననునదియే ముఖ్యము గదా!

మా అత్తగా రడిగిన ప్రశ్నను న్యాయస్థానములలోను అడిగినవారు కలరు. 2016లోనే అమెరికాలోని కొందరు గృహస్థులు, తమ యిండ్లచెంత తమ యనుమతిలేకయే ఆటగురుతులు నిలిపినందున పరజనులు గుంపులుగ వచ్చుచున్నారని వ్యాజ్యము వేసిరి. 2019లో రాజీ కుదిరెను. ఇంటివారు ఫిర్యాదు చేసినచో విచారించి గురుతులను తొలగించు పద్ధతికి సంస్థవా రంగీకరించిరి. పోలండు దేశములో లక్షలాది జనులు చంపబడిన ఆష్విట్జ్ స్మారకస్థలమునందు సయితము జనులు ఈ జంతువులను వెదకుచుండగా, అక్కడి ప్రదర్శనశాలవారు తమ స్థలమును ఆటనుండి విడదీయుడని కోరవలసివచ్చెను. కావున తులసికోటను గూర్చి మా అత్తగారి సంశయము ముసలివారి చాదస్తము కాదు.

ఇక నవల సంగతి. దాని పేరు రెయిన్‌బోస్ ఎండ్. రచయిత వెర్నర్ వింజ్. ఈయన అమెరికాలోని శాన్ డియేగో నగరమున విశ్వవిద్యాలయములో గణితమును, కంప్యూటరు శాస్త్రమును బోధించినవాడు, 2024లో మరణించెను. నవల 2006లో వెలువడి మరుసటి సంవత్సరము హ్యూగో బహుమానమును బొందెను. రచయిత దీనిని తనకు ఇరువదియేండ్ల దూరముననున్న కాలములో, అనగా 2025 ప్రాంతమున నడచినట్లు వ్రాసెను. ఆ కాలము మన కిపుడు వచ్చినది. కనుకనే దీనిని చదువుట తన జాతకమును దానే సరిచూచుకొనునట్లుండును.

కథానాయకుడు రాబర్ట్ గూ గొప్ప కవి. కాని మిక్కిలి కఠినహృదయుడు. ఎదుటివారి మనస్సునకు నొప్పి కలుగు చోటేదో కనిపెట్టి, అచ్చటనే మాటతో బొడుచుట యాతని విద్య. వార్ధక్యమున మతిమరుపు రోగముచే సర్వము మరచి పడియుండగా, క్రొత్త వైద్యముచే నాతనికి దెలివి మరలివచ్చును. కుమారుని యింట జేరును. మనుమరాలు మీరీ పదుమూడేండ్ల బాలిక, చురుకైనది. భార్య లేనా చనిపోయినదని యాతనికి జెప్పుదురు. నిజమున కామె బ్రతికియే యున్నది. ఈతని మాటలకు దాళలేక ఏనాడో విడిపోయి, ఒక వృద్ధాశ్రమమున దాగియున్నది. ఆ యాశ్రమము పేరే నవలకు పేరు. ఇంద్రధనుస్సు కొన యనియు, ఇంద్రధనుస్సులును అంతరించు ననియు దానికి రెండర్థములు చెప్పుకొనవచ్చును.

రాబర్ట్ మేలుకొన్న లోకములో జనులు ఫోనులను చేతబట్టరు. కంటిలో పెట్టుకొను పలుచని యద్దములును, కట్టుకొను బట్టలును కంప్యూటరులై యుండును. కోరినచో ఎదుటి కొండ కోటవలె గనబడును. వీథి అడవివలె గనబడును. ఒకే కథను ప్రేమించు వేలకొలది జను లేకమై, ఊరంతయు దమ కిష్టమైన కల్పితలోకముగ మార్చుకొని యాడుదురు. ముదుసలియైన కవి ఆ విద్య దెలియక పిల్లల బడిలో జేరి, వాన్ ఒరోజ్కో యను బాలునివద్ద నేర్చుకొనును. ప్రతిగా వానికి మాటల పొంకమును నేర్పును. తాతయు బాలుడును పరస్పరము గురువులగు నీ ఘట్టములు నవలలో మిక్కిలి హృద్యములు.

కాని రాబర్టునకు రోగము కుదిరినను కవిత్వము మరలి రాలేదు. ఎంత ప్రయత్నించినను పద్యము పలుకదు. ఆ దుఃఖమును కనిపెట్టిన యొక అజ్ఞాతవ్యక్తి, మాయారూపమున వచ్చి, "నేను చెప్పిన పని చేయుము. నీ కవిత్వమును నీ కిప్పింతును" అని బేరము పెట్టును. ఆ పని విశ్వవిద్యాలయ గ్రంథాలయముతోను, దాని సమీపమునందలి పరిశోధనాలయముతోను సంబంధించినది. గ్రంథాలయములోని పుస్తకములను ముక్కలుగ జీల్చి, ఆ ముక్కల ఛాయలు దీసి కంప్యూటరులలో జేర్చుచున్నారు. దాని నడ్డగింపదలచిన వృద్ధపండితులు, రెండు కల్పితలోకముల భక్తుల మహాకోలాహలమైన యాట, దాని చాటున జరుగు గూఢచారుల యుద్ధము: ఈ మూడును ఒక రాత్రి కలిసిపోవును. ఊపిరి బిగబట్టి చదువవలసిన ఘట్టమది.

ఆ గూఢచారు లేల వచ్చిరి? ఇదియే నవలకు గుండెకాయ. ఎవరో యొక క్రొత్త యాయుధమును పరీక్షించుచున్నారు. అది తుపాకి కాదు. గాలిలో వ్యాపించు నొక చిన్న రోగముతో ఒక ప్రకటనను గలిపి ప్రయోగింపగా, చూచినవారు తమకు దెలియకయే ఒక మిఠాయిని కోరి కొనిరి. మిఠాయి కోరునట్లు చేయగలవాడు ద్వేషమును కోరునట్లు చేయలేడా? ఈ కుట్రకు సూత్రధారి మన భారతదేశపు గూఢచారశాఖలో నున్నతుడైన ఆల్‌ఫ్రెడ్ వాజ్ అని రచయిత కల్పించెను. ఆశ్చర్యమేమన నాతడు దుర్మార్గుడు కాడు. ఎవడో యొక వెఱ్ఱివాడు మారణాయుధముతో లోకమును నాశనము చేయకముందే జనుల మనస్సులను అదుపులో బెట్టవలెనని యాతని సదుద్దేశము. లోకక్షేమమునకై లోకుల మనస్సును దొంగిలింపబూనిన సజ్జనుడు! దుర్మార్గుని గుర్తించుట సులభము. మన మేలుకోరి మన మనస్సులో వ్రేలుపెట్టువానిని గుర్తించుట కష్టము. ఈ సత్యము సంసారములు చేయు మనకు క్రొత్తది కాదు.

మనస్సును బయటినుండి త్రిప్పవచ్చు నను నూహను ఇంకను ముందుగనే వ్రాసినవా డొకడు కలడు. ఫిలిప్ కె. డిక్ అను అమెరికా రచయిత 1968లో ప్రకటించిన నవలయందు మొదటి ప్రకరణమే భార్యాభర్తల జగడము. వారి పడకగదిలో నొక యంత్రమున్నది. అంకెలు త్రిప్పినచో కోరిన మనోభావము కలుగును. ఉత్సాహమునకొక యంకె, దూరదర్శనమున నేమి చూపినను చూడవలెనను కోరిక కింకొక యంకె. 594 అను నంకె త్రిప్పినచో భర్తయే సర్వవిషయములందును అధికుడని సంతోషముతో నొప్పుకొను భావము భార్యకు గలుగును! భర్త జగడము తీర్చుటకై తుదకు ఆ యంకెనే త్రిప్పును. నవ్వుచునే చదివితిని, చదివి కొంతసేపు పుస్తకము మూసివేసితిని. ఆ భార్య మాత్రము నెలకు రెండుసారులు, ఆరు గంటలసేపు, నిరాశను కలిగించు నంకెను దానే త్రిప్పుకొనును. జనులు విడిచిపోయిన భవనపు శూన్యము చుట్టునుండగా, దుఃఖింపవలసినదానికి దుఃఖింపకుండుటయే రోగమని యామెకు దోచినది. ఆ యంత్రమున్న యింట ఆమె కోరిన స్వాతంత్ర్య మదియే: తన దుఃఖము తనదిగ నుండుట.

ఇతరుల మనస్సును చదువు నద్దములను గూర్చియు నొక పాత కథ యున్నది. బాలల రచయితగ పేరుపొందిన ఎల్. ఫ్రాంక్ బామ్ 1901లో వ్రాసిన ది మాస్టర్ కీ యను కథలో, విద్యుద్భూతము ఒక బాలునకు కన్నద్దముల నిచ్చును. అవి పెట్టుకొని చూచినచో ఎదుటివాని నుదుట నతడు మంచివాడో చెడ్డవాడో, దయగలవాడో క్రూరుడో తెలుపు నక్షరము కనబడును. తుదకు బాలుడు, లోక మింకను వీనికి దగిన స్థితిలో లేదని చెప్పి, ఆ కానుకలను భూతమునకే తిరిగి యిచ్చివేయును. పందొమ్మిదివందల ఒకటవ యేట నొక బాలునికి గలిగిన వివేకమది!

ఇవి యన్నియు కథలే గదా యందురేమో. కథలు కానివి కొన్ని చెప్పెదను. 2012 జనవరిలో ఒక వారముపాటు ఫేస్‌బుక్కు సంస్థవారు 6,89,003 మందికి కనబడు వార్తలను మార్చి చూచిరి. కొందరికి సంతోషపు మాటలు తగ్గించిరి. కొందరికి దుఃఖపు మాటలు తగ్గించిరి. సంతోషపు మాటలు తక్కువగ జూచినవారు తామును సంతోషపు మాటలు కొంచెము తక్కువగ వ్రాసిరి. ఆ భేదము మిక్కిలి స్వల్పమే. కాని, "మీ మనస్సుపై నొక ప్రయోగము చేయుచున్నాము, సమ్మతమేనా?" యని వారి నెవరును ప్రత్యేకముగ నడుగలేదు. 2014లో ఆ సంగతి శాస్త్రపత్రికలో బడినపుడు గాని లోకమునకు దెలియలేదు.

ముఖము చూచి మనస్సు చెప్పగల యంత్రములను అమ్మువారును కలరు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అను మనశ్శాస్త్రవేత్తయు, ఆమె తోడి శాస్త్రజ్ఞులును వేయికి మించిన పరిశోధనలను పరిశీలించి, ముఖకవళికలనుబట్టి లోపలి భావమును నిశ్చయముగ జెప్ప వీలులేదని తేల్చిరి. ఇది మనకు దెలియని మర్మమా? కడుపులో దుఃఖముంచుకొని బంధువులకు నవ్వుముఖముతో వడ్డింపని గృహిణి యెవతె? ఐరోపా సమితివారు 2024లో చేసిన చట్టముచే, పాఠశాలలలోను పనిచేయు స్థలములలోను యంత్రములచే మనోభావములను పసిగట్టుటను, వైద్యమునకును రక్షణకును దప్ప, నిషేధించిరి. 2025 ఫిబ్రవరి 2వ తేదీనుండి ఆ నిషేధ మమలులోనికి వచ్చెను. మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి నడవడిని వెంబడించి కనిపెట్టుటను, వారిని గురిచేసి ప్రకటనలు చూపుటను కూడదనుచున్నది. ధనము పణముగ బెట్టి యాడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధింపగా, 2025లో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. చట్టములు గోడలవంటివి, అవి యుండవలసినదే. కాని యింటి తలుపు వేయవలసినవారము మనమే.

భావములను అమ్ముట యంత్రములతో బుట్టినది గూడ గాదు. ఆర్లీ హోక్‌షీల్డ్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు 1983లో ఒక గ్రంథము వ్రాసెను. విమానములలో పరిచర్య చేయు యువతులకు జీతమిచ్చుట చేతిపనికి మాత్రమే గాదనియు, వారి చిరునవ్వునకు గూడ ననియు, దినమంతయు అమ్మిన నవ్వు సాయంకాలమున ఇంటికి వచ్చిన పిదప తమదో యజమానునిదో తెలియని స్థితి కొందరికి గలుగుచున్నదనియు నామె చూపెను. ఈ పుస్తకము చదివినపుడు నాకు కోపము వచ్చినది. వెంటనే సిగ్గును వచ్చినది. సిగ్గేల యనిన వినుడు.

మా చిన్నవాడు ఆ జంతువు దొరికిననాడు అన్నము రెండుమారులు పెట్టించుకొనును. దొరకనినాడు పళ్లెము తోసివేయును. వాని సంతోషము వాని చేతిలో లేదు. ఎక్కడనో కూర్చున్నవా రెవరో, ఏ గడియ కేది దొరకవలెనో నిర్ణయింపగా, దానినిబట్టి మా వంటయింట వాని ముఖము వికసించుటయు వాడుటయు జరుగుచున్నది. దీనికి నేను ఆట యజమానులను దూషింప బూనుకొంటిని. కాని వానిచేతికి మొదట ఫోను నిచ్చిన దెవరు? నేనే. కూర తరుగుకొనుచు, పొయ్యిమీది పప్పు మాడకుండ చూచుకొనుచు, వాని ప్రశ్నలకు బదులు చెప్పలేక, "దీనితో నాడుకొమ్ము, నన్ను విసిగింపకుము" అని నేనే యిచ్చితిని. అరగంట నిశ్శబ్దమును వానివద్ద కొంటిని. వెల యేమి చెల్లించితినో యప్పుడు దెలియలేదు. రాబర్ట్ గూ తన దుఃఖమును దీర్తుమన్న మాటకు లోబడినట్లే, నేను నా యలసటను దీర్చిన వస్తువునకు లోబడితిని. బేరగాడు వచ్చునది ఎప్పుడును మన యలసటవేళనే.

తరువాత మేము చేసినదేమో చెప్పెదను; ఇది యందరికి సరిపడు ఔషధమని కాదు. ఫోను లాగికొనలేదు. లాగికొన్న వస్తువునందు కోరిక రెట్టింపగును. వారమున మూడు దినములు, దీపము పెట్టువేళకు ముందు అరగంట యని యేర్పరచితిమి. ఆ యరగంటలో నొకపరి నేనో, వారి తండ్రిగారో, నాయనమ్మగారో వానివెంట నడువవలెను. ఆటలో డబ్బు పెట్టి కొనుట కూడదు. ప్రతిదినము పడుకొనబోవుముందు వాడు మాకొక ప్రశ్నకు జవాబు చెప్పవలెను: "నేడు నీకు సంతోషము కలిగించిన దేమి? అది నీవు చేసినదా, నీకు చూపబడినదా?" మొదట వాడు విసిగికొనెను. పదునైదు దినములకు వాడే తిరిగి నన్నడుగ నారంభించెను: "అమ్మా, నీకో?" నేను తడబడితిని. నా సంతోషమునుగూర్చి నన్నెవరైన నడిగి యెన్నియేండ్లయినదో!

రెయిన్‌బోస్ ఎండ్ నవలలో రాబర్టునకు కవిత్వము మరలి వచ్చినదా, లేనా యాతని క్షమించినదా, మీరే చదివి తెలిసికొనుడు. నేను చెప్పదలచిన దొకటియే. ఆ మాయలోకములో గొప్ప యంత్రము లనేకము లున్నను, ఆ కఠినాత్ముని కొంచెము మెత్తబరచినవి యంత్రములు గావు. తన బడిలో తనతో గూర్చుండిన యొక బాలుడును, తనను విడువక వెంబడించిన మనుమరాలును. మనస్సు బేరమున మారవచ్చును. బాగుపడుట మాత్రము ప్రక్కన గూర్చున్నవారి వలననే.

మొన్న సాయంకాలము మా చిన్నవాడు ఫోను పట్టుకొని పెరటిలోనికి బోయి, కొంతసేపటికి చిన్నబోయిన ముఖముతో "నాయనమ్మా, నేడు కోటమీదికి జంతువు రాలేదు" అనెను. మా అత్తగారు దీపపు వత్తి సరిచేయుచు, తలయెత్తకయే, "రాకుంటే చోటు ఖాళీగనే యున్నది గదరా, నీవు వచ్చి కూర్చో" అనిరి. వాడు కూర్చుండెను. చీకటి పడువరకు వారిద్దరు నేమేమో మాట్లాడుకొనిరి. నేను వంటయింటి కిటికీనుండి చూచుచుంటిని. ఆ మాట లేమో నాకు వినబడలేదు. ఎవరును వాని నెచ్చటను వ్రాసికొనుటయు లేదు.

మన తులసికోటపై నెవరిని కూర్చుండబెట్టవలెనో, సోదరీమణు లాలోచింతురు గాక!